పక్క మెషీన్ చప్పుడు

మొదటి పోటీలో నేను పదమూడు వందల మీటర్ల దగ్గర హ్యాండిల్ వదిలేశాను. పోటీ రెండు వేల మీటర్లు. దెబ్బేమీ తగల్లేదు, కళ్లు తిరగలేదు. చేతులు వాటంతట అవే తెరుచుకున్నాయి. గొలుసు లోపలికి జారిపోయి హ్యాండిల్ మెషీన్‌కు కొట్టుకుంది. ఇంకా ఏడు వందల మీటర్లు మిగిలి ఉన్నాయని తెర మీద అంకె అలాగే నిలబడింది. అప్పటికి నాకు యాభై ఆరేళ్లు. రెండు వేల మీటర్లు నా అంతట నేను లాగగలనా లేదా అన్నది తేల్చుకోవడానికి ఆ తర్వాత ఎనిమిది నెలలు పట్టింది.

రోయింగ్ మెషీన్ చూడనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. పొడవాటి పట్టా మీద ముందుకూ వెనక్కూ జారే చిన్న సీటు ఉంటుంది. పాదాలను ముందున్న పలకకు పట్టీలతో బిగించుకుని, గొలుసుకు కట్టిన హ్యాండిల్ పట్టుకుని, కాళ్లతో వెనక్కి తన్నాలి. ముందున్న పెట్టెలో రెక్కల చక్రం తిరుగుతుంది. మనం ఎంత గట్టిగా తంతే గాలి అంత ఎదురు తిరుగుతుంది. నీళ్లు ఉండవు, పడవ ఉండదు. ఒక చిన్న తెర మాత్రం నిజంగా పడవలో ఉండి ఉంటే ఎంత దూరం పోయేవాళ్లమో చెబుతుంది. ఇదే వేగంతో పోతే అయిదు వందల మీటర్లకు ఎంతసేపు పడుతుందో కూడా చెబుతుంది. ఆ రెండో అంకెను స్ప్లిట్ అంటారు. సాధన అంతా ఆ అంకెతోనే.

కొత్తవలసలో రైలు పట్టాలు దాటాక, ఒకప్పుడు బియ్యం బస్తాలు వేసిన గోదాంలో జిమ్ ఉంది. దాన్ని నడిపే ఆయనది నౌపడ అవతల సముద్రపు ఒడ్డు ఊరు. చిన్నప్పుడు తండ్రి పడవకు తెడ్డు వేశాడు, తర్వాత ఇరవై ఏళ్లు ఓడల్లో పని చేశాడు. మాకందరికీ ఆయన కోచ్. మా ఆవిడ పోయిన ఏడాదికి నాకు మోకాలి నొప్పి మొదలైంది. మోకాలి మీద బరువు పడని వ్యాయామం ఏదైనా చెయ్యమని డాక్టరు చెప్పాడు. అలా వెళ్లాను.

"ఏటి మాస్టారూ, బరువులెత్తుతారా?" అన్నాడు కోచ్. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతానని ఊరందరికీ తెలుసు.

"లేదండీ. కూర్చుని చేసేది ఏదైనా ఉంటే చెప్పండి."

"కూకుని సేసీదా? ఉన్నాది. దిగినాక కూకోనేరు, అదొక్కటే సిక్కు."

మొదటి రోజు ఆయన అన్నది నిజమైంది. చక్రం పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న మీట ఉంటుంది. నేను దాన్ని పదికి తోశాను. ఎక్కువ అంకె అంటే ఎక్కువ మేలు అనుకున్నాను. ఆరు నిమిషాల్లో నడుం పట్టేసింది. కోచ్ వచ్చి మీటను నాలుగుకు దించాడు. "అది ఏగం కాదు మాస్టారూ, బరువు. ఇసకలో సైకిల్ తొక్కినట్టు ఉంటాది. నాలుగులో పెట్టి గట్టిగా తన్నండి, ఏగం కాళ్లలోంచి వస్తాది" అన్నాడు.

నా రెండో తప్పు చేతులతో లాగడం. ముప్పై ఏళ్లు మృదంగం వాయించినవాణ్ని, నా బలం మోచేతి కింద ఉందని నమ్మకం. ముందు కాళ్లు, తర్వాత నడుం, చివరికి చేతులు. తిరిగి వెళ్లేటప్పుడు ముందు చేతులు, తర్వాత నడుం, చివరికి కాళ్లు. ఇంతే పాఠం. ఈ వరస ఒంట బట్టడానికి రెండు నెలలు పట్టింది. తన్నడం చురుగ్గా, తిరిగి వెళ్లడం దానికి రెట్టింపు నిదానంగా ఉండాలి. ఒకటి లాగు, రెండు తిరుగు. ఇది మాత్రం నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

వారానికి నాలుగు రోజులు. రెండు రోజులు నెమ్మదిగా నలభై నిమిషాలు, నిమిషానికి పద్ధెనిమిది స్ట్రోకులు మించకుండా. ఒకసారి లాగి తిరిగి వెళ్తే ఒక స్ట్రోకు. ఒక రోజు అయిదు వందల మీటర్లు గట్టిగా లాగి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ అయిదు వందలు, అలా ఆరుసార్లు. ఇంకో రోజు వెయ్యి మీటర్లు మూడుసార్లు. చాలామంది నెమ్మది రోజుల్ని తక్కువగా చూస్తారు. నా సమయం తగ్గింది ఆ రోజుల వల్లే. నెమ్మది రోజున ఊపిరి ఎంత తేలిగ్గా ఉండాలంటే, లాగుతూ మాట్లాడగలగాలి. కోచ్ పక్కన స్టూలు వేసుకుని దాన్ని పరీక్షించేవాడు.

"మాటాడండి మాస్టారూ."

"ఏం మాట్లాడను?"

"ఏటో ఒకటి. ఈయేళ ఏటి వండుకున్నారు?"

"చారు."

"నిన్న?"

"చారు."

"మొన్న?"

"మొన్న అప్పడం కూడా."

"ఓలమ్మ! ఈ మడిసితో నలభై నిమసాలు మాటాడాలంటే నాకే ఆయాసం వచ్చీలా ఉన్నాది."

చివరికి పదిహేడో ఎక్కం నుంచి మొదలుపెట్టి పైకి చెప్పుకుంటూ లాగేవాణ్ని. అది ఆయనకు నచ్చింది.

జిమ్‌లో రోయింగ్ మెషీన్లు రెండే. నాలుగో నెలలో రెండోదాని మీదికి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, సచివాలయంలో ఉద్యోగం, స్కూల్లో కబడ్డీ ఆడేది. నా దగ్గరే చదువుకుంది.

"మాస్టారూ, పదిలో మీరు నాకు లెక్కల్లో ముప్పై ఆరు ఏసీసారు. గుర్తున్నాదా?"

"వేసింది నేను కాదు, తెచ్చుకుంది నువ్వు."

"సరే, ఇపుడు సూసుకుందాం" అని పట్టీలు బిగించుకుంది. నేను ఎక్కం అందుకోగానే, "మావా, ఈయన్ని ఆపీయండి బాబూ, నాకు మళ్లీ పరీచ్చ బయం వచ్చీస్తన్నాది" అని కోచ్ మీద కేకలేసింది. ఆమె ఇంటి నుంచి చోడి అంబలి, అంటే రాగి జావ, సీసాలో తెచ్చేది. సాధన అయ్యాక ముగ్గురం తాగేవాళ్లం.

ఆమె వచ్చాక నా అంకెలు మారిపోయాయి. మొదట్లో రెండు వేల మీటర్లకు తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు పట్టిన నాకు, ఏడాది తిరిగేసరికి ఎనిమిది నిమిషాల ఇరవై నాలుగు వచ్చింది. పోటీకి పేరిచ్చాను. విశాఖపట్నంలో, పెద్ద ఇండోర్ స్టేడియంలో. వయసుకో వర్గం. ఎనిమిది మెషీన్లు వరసగా పెట్టి, మెషీన్లు సరిపోవడానికి రెండు మూడు వర్గాలవాళ్లను ఒకేసారి కూర్చోబెడతారు. ఆ అమ్మాయి వేరే విడతలో పడింది. నా పక్కన పాతికేళ్ల కుర్రాడు, తొడలు ఒక్కోటి నా నడుమంత. గంట మోగింది. అతను నిమిషానికి ముప్పై నాలుగు స్ట్రోకులతో వెళ్లాడు. నేనూ ముప్పై నాలుగుతోనే వెళ్లాను. నా సాధనలో ఎన్నడూ ముప్పై దాటలేదు. పదమూడు వందల దగ్గర ఏం జరిగిందో ముందే చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు ప్యాసింజర్ రైల్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. సింహాచలం స్టేషన్ దాటాక ఆ అమ్మాయి మాత్రం, "పోన్లెండి మాస్టారూ, నాకూ ముప్పై ఆరే వచ్చీది కదా" అంది. నవ్వాను. కానీ ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

మూడో రోజు కోచ్ నన్ను కూర్చోబెట్టి తన రిజిస్టర్ తెరిచాడు. ఎవరు ఏ రోజు ఎన్ని మీటర్లు, ఎంత సమయం, నిమిషానికి ఎన్ని స్ట్రోకులు అని రోజూ రాసి పెడతాడు. ఓడలో అలవాటట.

"ఇది సూడండి. ఈ రోజు ఆ పిల్ల ఇరవై ఎనిమిది, మీరూ ఇరవై ఎనిమిది. ఈ రోజు ఆ పిల్ల ముప్పై, మీరూ ముప్పై. ఇక్కడ ఆ పిల్లకి జొరం, రానేదు. మీరు ఇరవై రెండు, తర్వాత ఇరవై ఏడు, మళ్లీ ఇరవై మూడు. సమయం ఎనిమిది నలభై ఒకటి. ఇక్కడ ఆ పిల్ల సెలవులో ఊరెళ్లింది. మళ్లీ అదే కత."

నేను పేజీలు తిప్పి చూశాను. నా కళ్లు లెక్కలకు అలవాటు పడ్డ కళ్లు, పొరపాటుకు తావు లేదు.

"ఎనిమిది ఇరవై నాలుగు మీ నంబరు కాదు మాస్టారూ. ఆ పిల్ల నంబరు."

"నేనెప్పుడూ ఆ అమ్మాయి వైపు చూడలేదండీ."

"సూడక్కర్నేదు. ఇంటన్నారు."

అది నిజం. మెషీన్ లాగినప్పుడల్లా చక్రం ఒక ఊపున గాలి పీల్చినట్టు మోగి మెల్లగా తగ్గుతుంది. పక్క మెషీన్ అలా మోగగానే నా కాళ్లు తన్నేవి. నాకు తెలియకుండానే.

కోచ్ ఇంకో మాట అన్నాడు. "పడవలో అయితే మీరు బంగారం. పడవలో ముందోడి తెడ్డు సూసే లాగాలి, నేకపోతే పడవ తిరిగిపోద్ది. మా అయ్య మిమ్మల్ని ఎత్తుకెలిపోయీవోడు. కానీ ఇది పడవ కాదు."

ఇది నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు చెప్పలేదు. నాకు తెలుసు. మా నాన్న శ్రీకాకుళం దగ్గర ఒక గుడిలో సేవకు మృదంగం వాయించేవాడు, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మా ఆవిడ పాడేది. విజయనగరంలో పిల్లలకు పాఠాలు చెప్పేది, ఉత్సవాలకు గుడుల్లో పాడేది. స్కూలు సెలవులన్నీ నేను ఆమె పక్కన కూర్చుని వాయించడానికే సరిపోయాయి. పక్కవాద్యగాడు తన చేతుల్ని చూసుకోడు. పాడేవాళ్ల భుజం ఎప్పుడు లేస్తుందో చూస్తాడు. ఊపిరి తీసుకుంటే ఎక్కడికి వెళ్లబోతున్నారో అర్థమవుతుంది. ముప్పై ఏళ్లు అదే పని చేశాను, బాగా చేశాను. ఒంటరిగా వాయించమని ఎవరూ అడగలేదు, నేనూ కోరుకోలేదు.

చివరి ఏడాదిన్నర ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు. పాడటం మానలేదు. ఒక్క ఊపిరిలో పాడే పల్లవికి రెండు ఊపిర్లు కావలసి వచ్చాయి. నేను వాయించే వేగం తగ్గించాను. ఒకేసారి కాదు, నెలకు కొంచెం. ఆమెకు తెలియకూడదని అలా చేశాను. తెలిసే ఉంటుంది. ఆఖరికి ఎంత నిదానమైందంటే, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నా చేతులు గాలిలో ఆగి ఎదురుచూసేవి. పోయాక మృదంగం మీద చెయ్యి వేస్తే ఏ వేగంతో మొదలుపెట్టాలో తెలిసేది కాదు. దాన్ని నేను దుఃఖం అనుకున్నాను. రిజిస్టర్ చూశాక, అందులో కొంత భాగం దుఃఖం కాదని తెలిసింది. అది లోపం. లోపమైతే దిద్దుకోవచ్చు. పాతికేళ్లుగా పిల్లలకు చెబుతున్న మాట అదే.

కోచ్ మొదట చెవుల్లో దూది పెట్టమన్నాడు. పని చేయలేదు. గోదాం నేల కదులుతుంది, అరికాళ్లకు తెలిసిపోతుంది. ఆమెను వేరే వేళకు రమ్మందామా అన్నాడు. నేను వద్దన్నాను. పోటీలో పక్కన ఎవరో ఒకరు ఉంటారు. పక్కన మనిషి ఉండగానే నేర్చుకోవాలి.

"అయితే ఆ పిల్లని మీ మీదికి తోలీస్తాను" అన్నాడు.

ఆమెకు ఆ పని బాగా నచ్చింది. నేను ఇరవై ఆరు స్ట్రోకులతో వెయ్యి మీటర్లు లాగాలి. ఆమె పక్కన కూర్చుని ముప్పై రెండుకు వెళ్తుంది, ఉన్నట్టుండి ఇరవైకి దిగిపోతుంది, మధ్యలో ఆపేస్తుంది.

"మాస్టారూ, సూడండి సూడండి, ఎలిపోతన్నాను!"

"మాస్టారూ, ఆగిపోనాను, మీరూ ఆగండి!"

"మాస్టారూ, పదిహేడు తొమ్మిదులెంత?"

"నూట యాభై మూడు" అని చెప్పేవాణ్ని, స్ట్రోకు తప్పేది. కోచ్ ఈల వేసి, మీటర్లు సున్నాకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టించేవాడు. మొదటి నెల ఒక్కసారి కూడా వెయ్యి పూర్తి చేయలేకపోయాను. ఒకసారి తొమ్మిది వందల అరవై దగ్గర తప్పాను. ఆమే జాలిపడి, "మావా, ఒగ్గీయండి, నలభయ్యే కదా" అంది. ఆయన వదల్లేదు, నేనూ వదలమనలేదు.

చివరికి పనికొచ్చింది చాలా సాదా పద్ధతి. చప్పుడు వినకుండా ఉండాలని ప్రయత్నించడం మానేశాను. అది వినపడుతుంది, వినపడనీ. నా పాదాలు పలకను తన్నిన క్షణం నుంచి లెక్క మొదలుపెట్టి, పది స్ట్రోకులు లెక్కించి, ఒక్కసారి తెర చూసి, మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టాను. ఒక్కో స్ట్రోకుకు నేను తొమ్మిది మీటర్ల పైన పోతాను. అంటే రెండు వేలకు అటూ ఇటూగా ఇరవై రెండు పదులు. ఇరవై రెండు చిన్న పనులు చేయగలనని నాకు నమ్మకం ఉంది. నాలుగో నెలకు ఆమె పక్కన ఏ వేషం వేసినా నా అంకె ఇరవై ఆరు దగ్గర నిలబడింది. ఆరో నెలలో, ఆమె లేని రోజున, ఎనిమిది ఇరవై ఎనిమిది వచ్చింది. కోచ్ దాన్ని రిజిస్టర్‌లో రాసి కింద గీత గీశాడు. "ఇది మీదే" అన్నాడు.

రెండో పోటీకి పథకం నేనే కాగితం మీద వేశాను. మొదటి అయిదు వందలు రెండు నిమిషాల ఆరు సెకన్లు. తర్వాతి రెండు భాగాలూ రెండు ఏడు చొప్పున. ఆఖరిది రెండు మూడు. మొత్తం ఎనిమిది నిమిషాల ఇరవై మూడు. ఆ అమ్మాయికి కూడా వేసిచ్చాను. మొదటి అయిదు వందలు రెండు ఆరు కన్నా వేగంగా లాగవద్దని దాని కింద రాశాను. చదివి మడిచి జేబులో పెట్టుకుంది.

ఈసారి ఇద్దరం ఒకే విడతలో, పక్కపక్క మెషీన్ల మీద పడ్డాం. కోచ్ నిర్వాహకుల దగ్గరికి వెళ్లి మార్పించబోతే నేనే ఆపాను.

"బయం నేదా మాస్టారూ?" అందామె పట్టీలు బిగించుకుంటూ.

"లేదు. కాగితం చూసుకున్నావా?"

"సూసాను. ఇయాళ ఒంట్లో బాగున్నాది, ఇంకా ముందే ఎలిపోతాను."

గంట మోగింది. ఆమె అన్నంత పనీ చేసింది. పక్క చక్రం నిమిషానికి ముప్పై మూడు సార్లు మోగింది. నేను ఒకటి నుంచి పది లెక్కపెట్టి తెర చూశాను. రెండు ఆరు. మళ్లీ ఒకటి. ఎదుట గోడ మీద పెద్ద తెరలో చిన్న చిన్న పడవల బొమ్మలు పోతున్నాయి. వెయ్యి దగ్గర ఆమె పడవ నా కంటే ముప్పై మీటర్లు ముందుంది. అది చూసి నాకేమీ అనిపించలేదు. అది నాకు గర్వంగా ఉంది, ఇప్పటికీ.

పన్నెండు వందల దగ్గర పక్క చప్పుడు మారింది. నేను సిద్ధపడి వచ్చింది ఆమె వేగానికీ, ఆట పట్టించడానికీ. నిజంగా అలసి మందగించడానికి సిద్ధపడలేదు. ఆమె చక్రం మోత కుంగిపోయింది. ఒక స్ట్రోకుకూ ఇంకో స్ట్రోకుకూ మధ్య ఖాళీ పెరిగింది. ఆ ఖాళీలో ఊపిరి అందని చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నా చేతులు ఆగడానికి సిద్ధమయ్యాయి. ఎదురుచూడటం వాటికి వచ్చిన విద్య. అప్పుడు నా లెక్క ఏడు దగ్గర ఉంది. ఎనిమిది అనుకుని తన్నాను. తొమ్మిది. పది. తెర చూశాను, రెండు ఆరు. ఆమె పడవ బొమ్మ నా పక్కకు వచ్చి, వెనక్కి వెళ్లిపోయింది. నేను ఆగలేదు.

ఆఖరి అయిదు వందల్లో ఒళ్లంతా మండింది. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, అందరికీ అలాగే మండుతుంది. స్ట్రోకులు ఇరవై తొమ్మిదికి పెంచాను. పెంచింది నేనే, ఇంకెవరూ కాదు. ఎనిమిది నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు. నా వర్గంలో అయిదో స్థానం.

ఆమె ఎనిమిది ముప్పై తొమ్మిదికి ముగించి, పట్టీలు విప్పకుండానే పక్కకు ఒరిగి నేల మీద వాలిపోయింది. నేను దిగి వెళ్లి పాదాల పట్టీలు విప్పాను. కోచ్ నీళ్ల సీసా తెచ్చాడు. కాసేపటికి కళ్లు తెరిచి, మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగి, అడిగింది.

"ఒగ్గీసి ఎలిపోనారేటి మాస్టారూ?"

"వెళ్లిపోయాను" అన్నాను.

"ఒక్క పది స్ట్రోకులు ఆగుంటే, నాను అందుకుందును."

"అందుకునేదానివి కాదు. ఇద్దరం పోయేవాళ్లం."

కోచ్ సీసా మూత బిగిస్తూ, "లెక్కల మాస్టారు వచ్చీసారు, ఇంక పట్టుకోనేం" అన్నాడు.

నేను ఆమె మెషీన్ దగ్గర వంగి, అందులో అయిదు వందల మీటర్లకొకటి చొప్పున నిలవ ఉన్న అంకెలు పైకి చదివాను. ఒకటి యాభై తొమ్మిది. రెండు ఏడు. రెండు పంతొమ్మిది. రెండు పద్నాలుగు. "మొదటిదాన్నీ మూడోదాన్నీ చూడు. రెండు ఆరుతో పోలిస్తే, మొదట్లో మిగుల్చుకున్నాననుకున్న ఏడు సెకన్లకు మూడోదాంట్లో పదమూడు పోయాయి."

"మళ్లీ సెప్పండి" అంది, నేల మీద నుంచి లేవకుండానే.

మళ్లీ చదివాను. ఈసారి కాగితం జేబులోంచి తీసి, పక్కన పెట్టుకుని వింది.